నాగావళి అని పిలవబోతున్నాం

బుధవారం, శ్రీకాకుళం

మా తమ్ముడి కూతురికి మా ఊరి ఏటి పేరే, నాగావళి అని పెట్టాలని ఈ రోజు మధ్యాహ్నం ఇంట్లో అందరం ఒక మాటకు వచ్చాం. పాప అనూరాధా నక్షత్రం మొదటి పాదంలో పుట్టింది కనుక పేరు ‘నా’ అక్షరంతో మొదలు కావాలని పంతులుగారు చీటీ రాసి ఇచ్చారు. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున ఉన్న 108 అక్షరాలలో హస్తా నక్షత్రానికి వచ్చే ‘ణ’, ‘ఠ’ వంటివి కూడా ఉన్నాయి కాబట్టి, మాకు సులువైన అక్షరమే దక్కిందని మొదట అనుకున్నాం. తీరా చూస్తే ఇంట్లో ప్రతివారి ఫోనులోనూ ఒక జాబితా, ప్రతి జాబితాలోనూ నాయ్రా, నాన్షి, నాన్విక. వినడానికి ముద్దుగానే ఉన్నాయి. కాని ఆ పేరు ఎక్కడిదని రేపు పాప అడిగితే ఫోను చూపించడం తప్ప మా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదని నాకు దిగులు వేసింది.

నేను బడిలో హాజరు పట్టీ పిలిచే మనిషిని. ఒకే తరగతిలో ఒకే పేరున్న పిల్లలను ఇంటిపేరు పొడి అక్షరంతో విడదీసి పిలవడం ఏటా ఉండేదే. మా పెద్దల కాలంలోనూ పేర్లు కలిసేవి, అయితే ఆ కలయికకు కారణం ఉండేది. సింహాచలం అప్పన్నకు మొక్కుకున్న ఇళ్ళలో అప్పలనరసమ్మలు, విజయనగరం అమ్మవారిని కొలిచే ఇళ్ళలో పైడితల్లులు, అరసవల్లి సూర్యనారాయణస్వామి పేరున సూరమ్మలు ఉండేవారు. పేరు వినగానే ఆ తల్లి ఏ దేవుడి ముందు నిలబడి బిడ్డను అడిగిందో తెలిసిపోయేది.

మా నాయనమ్మ పేరు పెంటమ్మ. ఆమెకు ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కకపోవడంతో, ఆమెను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, అక్కడినుంచి ఎత్తుకువచ్చి ఆ పేరు పెట్టారట. పేరు వింటేనే మృత్యువు రోసి బిడ్డను వదిలి వెళ్ళిపోవాలన్నది ఆనాటి తల్లుల ఆశ. ఇటువంటి పేర్లు మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎన్నో ఉండేవి, ఇప్పుడు వాటిని చెప్పుకోవడానికి మనుమలు సిగ్గుపడుతున్నారు. నాకు మాత్రం మా ఇంట్లో ఇంతవరకు పెట్టిన పేర్లన్నిటిలోనూ అంత ప్రేమతో పెట్టినది మరొకటి కనిపించదు. ఆ బిడ్డ అందంగా వినిపించాలని వాళ్ళు కోరుకోలేదు, బతకాలని మాత్రమే కోరుకున్నారు. నాయనమ్మ నిండుగా బతికి, మమ్మల్నందరినీ ఎత్తుకుని పెంచింది.

నాగావళి అనే పేరు నేనే చెప్పాను. తమ్ముడు, మరదలు వెంటనే ఒప్పుకున్నారు. అమ్మకు మాత్రం మనసు పట్టలేదు. “గుంటకి ఏరు పేరెడతన్నార్రా, వరదొచ్చినప్పుడు ఆ ఏరు ఎన్ని పంటలు తినేసిందో మీకేటి తెలుసు?” అంది. ఆమె పుట్టినూరు ఏటి గట్టునే కావడం వల్ల ఆ భయం ఊహించుకున్నది కాదు. రాయగడ వైపు కొండల్లో వాన కురిస్తే ఇక్కడ చినుకు పడకపోయినా నీరు గట్టు దాకా వస్తుందని, రాత్రంతా లాంతరు పట్టుకుని గట్టున కాపలా కాసేవారని ఆమె చిన్నప్పటినుంచీ మాకు చెబుతూనే ఉంది. నేను ఎదురు చెప్పలేదు. ఆ ఊరి వరి కూడా ఆ నీళ్ళదే కదమ్మా అని మాత్రం అన్నాను.

అసలు అభ్యంతరం పెదనాన్నగారిది. ఆయన సంస్కృతం చదువుకున్నవారు. ఆడపిల్ల పేరు పలకడానికి సుఖంగా, క్రూరం కాకుండా, అర్థం స్పష్టమై, మనోహరంగా, మంగళకరంగా, దీర్ఘాక్షరంతో ముగిసి, ఆశీర్వాదంలా ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయంలో ఉన్న శ్లోకం చదివారు. గృహ్యసూత్రాల ప్రకారం ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసి సంఖ్యలో ఉండాలనీ, నాగావళికి నాలుగు అక్షరాలనీ లెక్క చూపారు. అంతవరకు నేను గౌరవంగానే విన్నాను. ఆ తరువాత ఆయన మూడో అధ్యాయానికి వెళ్ళి, నక్షత్రం, చెట్టు, నది, కొండ, పక్షి, పాము పేర్లున్న కన్యను వివాహమాడరాదని ఉందనీ, మన పేరులో నదీ ఉంది, పామూ ఉందనీ అన్నప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. ఇంకా ఉయ్యాలలో కూడా వేయని బిడ్డ పేరును, ఎవరో వచ్చి పెళ్ళాడతారా లేదా అనే తూకంలో ఎందుకు వేయాలి? తమ్ముడి పేరు పెట్టినరోజున ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు.

“పెదనాన్నా, మరి రోహిణి, రేవతి, తులసి, గంగ, యమున, గోదావరి, కృష్ణవేణి అని మనవాళ్ళు పెట్టుకుంటూనే ఉన్నారు కదా, వాళ్ళందరికీ పెళ్ళిళ్ళు కాలేదా?” అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆయన భార్య, మా దొడ్డమ్మ, పేరు అనూరాధ.

ఎన్నడూ చూడని యమున పేరు, నర్మద పేరు మన ఆడపిల్లలకు పెట్టుకున్నాం. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, సుమారు 256 కిలోమీటర్లు నడిచి, తోటపల్లి దగ్గర, నారాయణపురం దగ్గర పొలాలకు నీరిచ్చి, సంగాం దగ్గర సువర్ణముఖిని, వేగవతిని కలుపుకుని, మన ఊరి మధ్యనుంచే వెళ్ళి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలిసే ఏటి పేరును ఒక బిడ్డకు పెట్టడం వింతగా ఎందుకు తోచాలి? కరవు తీర్చడానికి బలరాముడు తన నాగలితో ఈ నదిని తెచ్చాడని, దీని ఒడ్డున శివలింగాలు ప్రతిష్ఠించాడని ఇక్కడివాళ్ళు చెప్పుకునే కథను మాకు చిన్నప్పుడు చెప్పినది పెదనాన్నగారే. ఆ మాట గుర్తుచేసినప్పుడు ఆయన ముఖం కొంచెం మెత్తబడింది. బారసాల నాడు పళ్ళెంలోని బియ్యంలో ఉంగరంతో మాసనామం, నక్షత్రనామం శాస్త్ర ప్రకారం రాయించి, వ్యావహారిక నామంగా నాగావళి రాయవచ్చునని, ఆ నక్షత్రనామానికి బేసి అక్షరాలుండేలా తానే చూస్తానని ఆయనే దారి చూపారు. అమ్మ మాత్రం తాను ‘నాగమ్మా’ అనే పిలుస్తానని తేల్చి చెప్పింది. అది ఆమె హక్కు.

ఇక మిగిలింది కాగితం పని. ఆసుపత్రివారు జననం నమోదు చేయించారు గాని, పేరు గడి ఖాళీగా ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు తరువాత చేర్పించుకోవచ్చు, ఏడాది లోపలైతే రుసుము కూడా ఉండదు. అయినా ఆలస్యం చేయవద్దని తమ్ముడికి చెప్పాను. జనన ధ్రువపత్రంలో ఉన్న పేరే ఆధార్‌కు, బడికి, పదో తరగతి మార్కుల జాబితాకు వెళుతుంది, అక్కడ ఒక అక్షరం తప్పితే దిద్దించుకోవడానికి తల్లిదండ్రులు పడే అవస్థ బడిలో నేను చూస్తూనే ఉంటాను. ఇంగ్లీషులో రాస్తే ‘ళి’కీ ‘లి’కీ తేడా మిగలదు. అందుకని దరఖాస్తులో పేరు ముందు తెలుగులో, విడివిడి అక్షరాలతో నేనే రాసి ఇచ్చాను. రేపు ఉదయం బడికి ఒక పూట సెలవు పెట్టి, తమ్ముడితో పాటు పురపాలక కార్యాలయానికి వెళ్ళి, వాళ్ళు ఎక్కించేటప్పుడు పక్కన నిలబడతాను.