బీఈడీ వాళ్లొచ్చారు, ఏ క్లాసుకి పంపుదాం?

బీఈడీ విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌కి వచ్చారనగానే మాలాంటి హైస్కూళ్ల స్టాఫ్‌రూమ్‌లో ముందుగా వినపడే మాట "హమ్మయ్య, ఇక లీవులకి ఇబ్బంది లేదు" అని. ఆ మాట అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. టంగుటూరుకీ కొండపికీ మధ్య ఒక ఊళ్లో జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఒకరు సెలవు పెడితే మిగతావాళ్లకి లీజర్ (ఖాళీ పీరియడ్) ఉండదు, నోట్సులు దిద్దడానికి టైము ఉండదు, అటెండెన్స్ యాప్ దగ్గర్నుంచి మధ్యాహ్న భోజనం లెక్కల దాకా అన్నీ మీద పడతాయి. అలాంటప్పుడు చదువుకున్న పిల్లలు నలుగురు గేటు దగ్గర నిలబడితే ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ రోజు మనం వాళ్లని ఏ క్లాసుకి, ఎందుకు పంపుతామన్న దాని మీదే వాళ్ల ట్రైనింగ్ అంతా ఆధారపడి ఉంటుంది. ఈ టపా అందుకోసమే రాస్తున్నాను.

నేను బీఈడీ చదివినప్పుడు అది ఏడాది కోర్సు. టీచింగ్ ప్రాక్టీస్ అంటే ఇన్ని పాఠాలు చెప్పాలి, ఇన్ని రికార్డులు రాయాలి, అంతే. తర్వాత టీచర్ల శిక్షణ మీద వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. దేశంలో టీచర్ల శిక్షణ కోర్సులకి నిబంధనలు పెట్టే సంస్థ ఎన్‌సీటీఈ 2014లో కొత్త నిబంధనలు తెచ్చింది. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది. మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు, మొత్తం 20 వారాలు బడిలోనే గడపాలని అందులో రాశారు. చాలామంది దీన్ని బరువనుకున్నారు. నాకు మాత్రం చాలా సంతోషమేసింది. 16 వారాలంటే ఒక క్లాసులో పిల్లల పేర్లు రావడానికి, వాళ్లలో ఎవరు అర్థమయ్యి తలూపుతున్నారో, ఎవరు మనం సంతోషపడాలని ఊపుతున్నారో తెలియడానికి సరిపోయే టైము.

కాకపోతే ఆ 16 వారాలూ ఒకే క్లాసుతో గడిస్తేనే ఆ లాభం. ఈరోజు ఆరో తరగతి ఇంగ్లీషు, రేపు తొమ్మిది సోషల్, ఎల్లుండి ఎవరు రాకపోతే ఆ క్లాసు అని తిప్పితే ఆ వచ్చినవాళ్లు నేర్చుకునేది గోల ఆపడం ఒక్కటే. అందుకే మా బడికి లెక్కల మెథడాలజీ వాళ్లు, అంటే బీఈడీలో లెక్కలు చెప్పడం నేర్చుకునేవాళ్లు, ఎవరు వచ్చినా హెచ్‌ఎం గారిని బతిమాలి ఒక సెక్షన్ వాళ్ల పేరు మీద రాయించుకుంటాను. ఆ సెక్షన్‌కి రోజూ వాళ్లే వెళ్లాలి, నోట్సులు వాళ్లే దిద్దాలి. నేను వెనక బెంచీలో కూర్చుంటాను. క్లాసయ్యాక లెసన్ ప్లాన్ గురించి పెద్దగా మాట్లాడను. పిల్లలు రాసిన తప్పు జవాబులు పట్టుకురమ్మంటాను.

ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. ఆమధ్య పొదిలి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. చాలా కష్టపడే పిల్ల. ఏడో తరగతికి భిన్నాల కూడిక చెప్పింది. లెసన్ ప్లాన్ ముచ్చటగా రాసుకుంది. లక్ష్యాలు, బోధనోపకరణాలు, బోర్డు మీద ఎక్కడ ఏం రాయాలో, చివర్లో ఏ ప్రశ్నలు వేయాలో, అన్నీ ఉన్నాయి. థర్మకోల్ మీద రంగులేసి చార్టు కూడా తెచ్చింది. పిల్లలు బాగానే చేశారు. నోట్సులు దిద్దితే కొంతమంది మాత్రం 1/2 + 1/3 = 2/5 అని రాశారు.

"వీడెందుకు ఇలా రాశాడమ్మా?" అనడిగాను ఒక పిల్లాడి నోట్సు చూపించి.

"క.సా.గు. మర్చిపోయాడు మేడం."

"వాణ్ని అడిగావా?"

అడగలేదు. అందరం అంతే, తప్పు చూడగానే కారణం మనమే చెప్పేసుకుంటాం. మర్నాడు లీజర్‌లో ఆ పిల్లాణ్ని వరండాలో కూర్చోబెట్టుకుని అడిగింది. ఆ పక్కనే మెట్ల మీద నేనూ ఉన్నాను. వాడు కాసేపు నీళ్లు నమిలాడు. ఆ తర్వాత చెప్పింది విని ఇద్దరం నోట మాట లేకుండా ఉండిపోయాం. "టీచర్, ఎఫ్‌ఏ 1లో నాకు 20కి 12 వచ్చాయి, ఎఫ్‌ఏ 2లో 20కి 15. రెండూ కలిపి 40కి 27 అని టీచరే వేశారు కదా. పైవి పైవి కలిపారు, కిందవి కిందవి కలిపారు. నేనూ అట్నే చేశా."

ఎఫ్‌ఏలంటే బడిలో ఏడాది పొడుగునా పెట్టే చిన్న పరీక్షలు. ఎంత చక్కటి ఆలోచనో చూడండి. క.సా.గు. మర్చిపోవడం కాదు అది. మనం ప్రోగ్రెస్ కార్డులో చేసిందే వాడు భిన్నాల దగ్గర చేశాడు. మార్కుల్లో రెండు వేర్వేరు పేపర్లు ఉంటాయి, కలిపితే మొత్తం కూడా పెరిగి 40 అవుతుంది. భిన్నాల లెక్కలో సగమూ మూడో వంతూ ఒకే వస్తువులోవి, ఆ మొత్తం పెరగదు. ఈ తేడా మనం ఏనాడూ పిల్లలకి విడమరిచి చెప్పలేదు. పుస్తకం కూడా చెప్పదు. క.సా.గు. పద్ధతి ఇంకో పదిసార్లు చేయిస్తే వాడు పరీక్షలో సరిగ్గానే రాసేవాడేమో. తలలో మాత్రం ఆ రెండూ అలాగే కలిసిపోయి ఉండేవి.

ఆ రాత్రి ఆ అమ్మాయి కొత్త ప్లాన్ రాసుకుని వచ్చింది. ఈసారి చార్టు లేదు. పాత న్యూస్‌పేపర్ని ఒకే పొడవు ముక్కలుగా కత్తిరించి తలా మూడు ఇచ్చింది. ఒకదాన్ని సగానికి మడవమంది, ఇంకోదాన్ని మూడు సమాన భాగాలుగా. ఆ సగం ముక్క పక్కన మూడో వంతు ముక్క పెట్టి చూడమంది. తర్వాత మూడో పేపర్ని ఐదు సమాన భాగాలు చేసి అందులో రెండు పక్కన పెట్టమంది. ఐదుగా మడవడం చిన్న పని కాదు, స్కేలుతో కొలిచి గీతలు గీసుకోవాల్సి వచ్చింది, పది నిమిషాలు దానికే పోయాయి. పోనీ. పక్కపక్కన పెట్టి చూశాక ఆ పిల్లాడే లేచాడు. "టీచర్, అరకి ఇంకాస్త కలిపితే అర కన్నా తగ్గిందేంటి?" క్లాసంతా వాడి వైపు తిరిగింది. అప్పుడు ఆరు భాగాలు చేయించి, సగమంటే మూడు ముక్కలు, మూడో వంతంటే రెండు ముక్కలు, మొత్తం ఆరింట ఐదు అని వాళ్ల చేతే చెప్పించింది. ఆ తర్వాత బోర్డు మీద మార్కుల లెక్క కూడా రాసి, రెండింటికీ తేడా ఎక్కడుందో అడిగింది. బెల్లు కొట్టాక కూడా ఇద్దరు ముగ్గురు వాదించుకుంటూనే ఉన్నారు.

ఆ పీరియడ్‌ని ఆమె రికార్డులో ఏ కాలమ్‌లో రాయాలో నాకు తెలియలేదు. ఫార్మాట్‌లో దానికి చోటు లేదు. రికార్డులు వద్దని నేననను. పాఠం ముందుగా రాసుకునే అలవాటు టీచరుకి ఉండి తీరాలి. కానీ ఇంటర్న్‌షిప్ చివరి వారాల్లో ఈ బీఈడీ పిల్లలు స్టాఫ్‌రూమ్ మూల కూర్చుని స్కెచ్ పెన్నులతో మార్జిన్లు కొట్టుకుంటుంటే, ఆ పక్క గదిలో వాళ్ల సెక్షన్ ఖాళీగా ఉంటే బాధేస్తుంది. కొన్ని కాలేజీలకి రికార్డు అందంగా ఉంటే చాలు. బడికి రాకుండానే ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు కాగితాలు పుట్టించే కాలేజీలు కూడా ఉన్నాయని ఈ వృత్తిలో ఉన్న అందరికీ తెలుసు. ఆ కాగితంతో రేపు ఎవరో ఒకరి పిల్లల ముందు నిలబడతారు కదా, ఆ భయం ఎవరికీ లేదా అనిపిస్తుంది.

ఇంకో పక్క డీఎస్సీ, అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్ల ఉద్యోగాలకి పెట్టే పరీక్ష. మొన్న 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. ఎంతోమంది జీవితాలు మారాయి, మా బడికీ కొత్త టీచర్లొచ్చారు. నాకు చాలా ఆనందం. అయితే ఆ ఎంపిక చూడండి, డీఎస్సీ పరీక్షకి 80 శాతం, టీచర్ల అర్హత పరీక్ష టెట్‌కి 20 శాతం వెయిటేజీ. అంతా బిట్లే. క్లాసులో నిలబడి పాఠం చెప్పి చూపించమని ఎవరూ అడగరు. అందుకే ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన పిల్లల బ్యాగుల్లో బిట్ బ్యాంకులుంటాయి, మనసు అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ మీద ఉంటుంది. వాళ్లనేం అంటాం? ఇంట్లో పరిస్థితులు అలాంటివి. నేను చెప్పేది ఒకటే. ఉద్యోగం వచ్చేలోపు వీళ్లు పిల్లల ముందు నిలబడటం ఎవరైనా దగ్గరుండి చూసేది ఈ 16 వారాల్లోనే. ఇక్కడ మనం చూడకపోతే ఆ తర్వాత చూసేవాళ్లు లేరు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మెడికల్ కాలేజీ హౌస్‌సర్జన్‌కి స్టైపెండ్ ఇస్తారు. మా బీఈడీ పిల్లలకి రూపాయి రాదు. ఆగస్టు 2025 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం కాబట్టి అమ్మాయిలకి చార్జీల బాధ తప్పింది. అంతకుముందు రెండు బస్సులు మారి వచ్చే పిల్లలు వారంలో ఒకటి రెండు రోజులు మానేసేవాళ్లు, కారణం అడిగితే తలనొప్పి అనేవాళ్లు. మగపిల్లలకి ఇప్పటికీ ఆ ఖర్చు ఉంది. సాయంత్రం ఒంగోల్లో మెడికల్ షాపులో పనిచేసి, పొద్దున్నే టక్ చేసుకుని బడికి వచ్చిన అబ్బాయిని చూశాను. చేసే పనికి కనీసం దారి ఖర్చులన్నా ఇవ్వడం న్యాయం.

ఆ అబ్బాయి సోషల్ మెథడ్. అతని గురించి కొంచెం చెప్పాలి. కేస్ స్టడీ కోసం అందరూ చేసేటట్టు తెలివైన పిల్లనో, అల్లరి పిల్లాణ్నో తీసుకోలేదు. తొమ్మిదో తరగతిలో క్లాసులో నిద్రపోయే ఒక పిల్లని తీసుకున్నాడు. అది పొగాకు సీజను. మా వైపు ఆకు బ్యారన్‌లో, అంటే వేడితో ఆకు ఆరబెట్టే గదిలో, పెట్టాక రోజుల తరబడి రాత్రింబగళ్లు వేడి చూసుకుంటూనే ఉండాలి, ఎక్కువైనా తక్కువైనా రంగు పోతుంది, వేలంలో రేటు పడిపోతుంది. తల్లీతండ్రీ బ్యారన్ దగ్గరుంటే ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లల్ని, గేదెనీ చూసుకునేది ఈ అమ్మాయే. అతను వాళ్లింటికి వెళ్లి, ఆ తల్లితో మాట్లాడి వచ్చాడు. "మేడం, మొదటి పీరియడ్‌లో నిద్రపోతే పోనివ్వండి, మూడో పీరియడ్‌కి లేపి అడిగితే అన్నీ చెబుతుంది" అన్నాడు. మా అందరికీ ఆ పిల్ల మూడేళ్లుగా తెలుసు. ఈ సంగతి బయటికి తెచ్చింది అతనే.

ఇలాంటివి చూశాకే నాకు మెంటార్ పని మీద పట్టుదల వచ్చింది. మెంటార్ అని కాగితం మీద రాస్తారు కానీ దానికి టైమ్‌టేబుల్లో ఒక్క పీరియడ్ తగ్గించరు. కాలేజీ సూపర్‌వైజర్ వచ్చినా ఫైనల్ లెసన్ దగ్గర కాసేపు కూర్చుని మార్కులేసి వెళ్తారు. పాఠం అయ్యాక ముగ్గురం, అంటే సూపర్‌వైజరు, నేను, ఆ విద్యార్థి, అరగంట కూర్చుని మాట్లాడుకున్న రోజులు చాలా తక్కువ. అలా కూర్చున్న ప్రతిసారీ నాకే ఏదో ఒకటి కొత్తగా తెలిసింది.

2025లో ఎన్‌సీటీఈ విడుదల చేసిన ముసాయిదాలో నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ చేసినవాళ్లకి మళ్లీ ఏడాది బీఈడీ అన్నారు. కొత్త విద్యావిధానం ప్రకారం 2030 నాటికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సే టీచరుకి కనీస అర్హత కావాలి. కోర్సు ఎన్నాళ్లయినా పెట్టుకోండి. బడిలో గడిపే వారాలకి మాత్రం కోత పెట్టొద్దని నా విన్నపం.

ఈసారి బ్యాచ్ దసరా సెలవుల తర్వాత వస్తోంది. హెచ్‌ఎం గారికి రెండు విషయాలు రాసిచ్చాను. సెలవు పెట్టినవాళ్ల క్లాసుకి ఎవరు వెళ్లాలో రాసే లీవ్ ఎరేంజ్‌మెంట్ రిజిస్టర్‌లో వచ్చినవాళ్ల పేర్లు రాయొద్దు. రోజూ చివరి పీరియడ్ వాళ్లకీ నాకూ ఇద్దరికీ ఖాళీ ఉంచాలి, ఆ రోజు తప్పు జవాబులు ముందేసుకుని మాట్లాడుకోవడానికి. ఏడు, ఎనిమిది తరగతులకి సరేనన్నారు. తొమ్మిది సంగతి చూద్దామన్నారు. పదో తరగతికి మాత్రం పబ్లిక్ పరీక్షలున్నాయి కదమ్మా, కొత్తవాళ్లకి ఎలా ఇస్తాం అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. పూర్తి పాఠాలు వద్దు, వెనకబడిన పదిమందికి సాయంత్రం స్టడీ అవర్ అన్నా వాళ్లకి అప్పగించండి, నేను పక్కనే ఉంటాను అని సోమవారం మళ్లీ అడగబోతున్నాను.