16 నిమిషాల 48 సెకన్లు

రాత్రి పదకొండున్నర. కళ్లు మండుతున్నాయి. అయినా ఇది రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

పొద్దున్నే ఎడిటింగ్‌కి కూర్చుని టైమ్‌లైన్ తెరిచాను. మా షార్ట్ ఫిల్మ్ ఎండ్ టైటిల్స్‌తో కలిపి 16 నిమిషాల 48 సెకన్లు వచ్చింది. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ చిత్రోత్సవం షార్ట్ ఫిల్మ్ పోటీకి టైటిల్స్‌తో సహా 15 నిమిషాలు దాటకూడదు. తమ్ముడికి (డైరెక్టరే, నన్ను అక్కా అంటాడు కనక నాకూ తమ్ముడే) ఇది మొదటి సినిమా. నెల రోజులుగా వాడి నోట కాన్ తప్ప మరో మాట లేదు.

అడ్డం ఒకే ఒక్క షాట్. భర్త పోయిన ఆవిడ ఆయన చొక్కా మడతపెడుతుంది. నచ్చదు, విప్పుతుంది, మళ్లీ మడతపెడుతుంది. కెమెరా గుమ్మం దగ్గరే ఉండిపోతుంది. మాటల్లేవు, సంగీతం లేదు. 1 నిమిషం 50 సెకన్లు. అది తీసేస్తే సరిగ్గా 14 నిమిషాల 58 సెకన్లు. లెక్క అంత బాగా కుదిరేసరికి భయమేసింది.

తీసేసి చూశాను. కథ ఎక్కడా తెగలేదు. ఆవిడ మాత్రం ఎవరో పరాయి మనిషైపోయింది. షాటుని సగానికి కుదించి చూశాను, అది ఇంకా అన్యాయం. మొదటి మడత వట్టి ఇంటిపని. మూడోసారి విప్పితే గానీ అది ఆయన చొక్కా అవదు. ఆ మూడోసారి రావడానికి అంత సేపూ పడుతుంది.

మధ్యాహ్నమంతా ఒబర్‌హౌజెన్ గురించే ఆలోచన. జర్మనీలో బొగ్గు, ఉక్కు ఊరది. 1954లో అక్కడి వయోజన విద్యాకేంద్రం నడిపే హిల్మార్ హాఫ్‌మన్ పొట్టి సినిమాల పండగ మొదలుపెట్టాడు. 1962 ఫిబ్రవరి 28న 26 మంది కుర్రవాళ్లు అక్కడే నిలబడి, పాత సినిమా చచ్చిపోయింది, కొత్తది మేం తీస్తామని ప్రకటించారు. పరదేశాల్లో బహుమతులు తెచ్చుకున్న తమ షార్ట్ ఫిల్ములే వాళ్ల చేతిలో ఉన్న రుజువు. మూడేళ్లకి, 1965లో, కొత్తవాళ్ల సినిమాలకి డబ్బిచ్చే సంస్థ ఏర్పడింది. ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. ఒక్క మాట దగ్గరే నాకు పేచీ. షార్ట్ ఫిల్మ్ పెద్ద సినిమాకి బడి అన్నారు వాళ్లు. బడే కావచ్చు. కానీ చొక్కా మడతపెట్టే ఆ చేతులు ఏ పెద్ద సినిమాకీ తయారీ కాదు. ఆ చేతులకి ఇదే సినిమా.

నిడివి సంగతికొస్తే ఒక్కో చోట ఒక్కో కొలత. ఆస్కార్ వాళ్లకి టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల లోపుంటే షార్ట్ ఫిల్మే. 1895లో లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్ పెట్టి చూపించిన పది సినిమాల్లో ఒక్కోటీ నిమిషం కూడా లేదు. పొట్టి అనే మాటని గడియారంతో తేల్చలేం. ఆ సినిమాకి కావలసినంత ఉందా, అంతకు మించి లేదా అని చూడాలి.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి రెండు కట్‌లూ పంపాను. గంటసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వాడే చేశాడు.

"అక్కా, పొట్టిది చూస్తుంటే మా అమ్మ కనబడలేదు."

ఆ షాట్ వాళ్లమ్మదని నాకిన్నాళ్లూ చెప్పనేలేదు.

కాన్ మాట పక్కన పెట్టేశాం. ఫ్రాన్స్‌లోనే క్లెర్మాఁ-ఫెరాఁ ఉంది. అక్కడ 1988 నుంచి అంతర్జాతీయ పోటీ జరుగుతోంది. షార్ట్ ఫిల్ముల కోసమే జనం హాళ్లు నింపే పండగ అది. ఫారమ్ రేపు కూర్చుని నింపుదామన్నాడు. ఎంపికవుతుందో లేదో తెలీదు. వాడి గొంతులో మాత్రం నెల రోజుల ఆదుర్దా పోయింది.

ఫైల్ బయటికి తీసే ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ షాట్ మరోసారి విన్నాను. రెండో మడత దగ్గర ఆవిడ గాజు చొక్కా గుండీకి తగిలి చిన్న చప్పుడైంది. ఇన్ని వారాల్లో ఎప్పుడూ వినలేదు. కొంచెం పెంచి లాక్ చేశాను.