ఏడంచెల జలపాతం, దోసెడు నీళ్ళు

నైజీరియాలోని లాగోస్‌కి ఉద్యోగానికొచ్చి రెండేళ్ళయినా ఆ ట్రాఫిక్ దాటి నేను చూసిందేమీ లేదు. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు, అక్కడి యొరుబా జాతివాడు, సెలవులకి ఊరెళ్తూ "మా వైపు రా, నీళ్ళంటే ఏంటో చూపిస్తా" అని లాక్కుపోయాడు. ఇబాదాన్ మీదుగా వెళ్ళాం. దారంతా గతుకులే, దాని గురించి చెప్పుకోవడానికేం లేదు.

ముందు ఎరిన్-ఇజేషా. అక్కడి ఓలుమిరిన్ జలపాతం ఏడంచెలుగా దూకుతుంది. యొరుబాల మూలపురుషుడు ఒడుడువా మనవరాలు అకిన్లా 1140లో దీన్ని మొదట చూసిందని అక్కడి కథ. ఏడు అనగానే మనకి కొండలే గుర్తొస్తాయి కదా, గోవిందా అనుకుంటూ ఎక్కడం మొదలుపెట్టాను. కింద మెట్లున్నాయి. పైకి పోయేకొద్దీ చెట్ల వేళ్ళూ, పాచి పట్టిన రాళ్ళే. మూడో అంచె దగ్గర చెప్పు జారి మోకాలు కొట్టుకుంది. ఇక చాలనుకుని కూర్చుండిపోయాను. కిందేమో స్పీకర్ల మోత, సెల్ఫీలు, తాగి పడేసిన నీళ్ళ ప్యాకెట్లు. ఒకప్పుడు పూజలు జరిగిన చోటంటే నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు ఓషోగ్బో. యొరుబాల నదీదేవత ఓషున్ అడవి 75 హెక్టార్లు, 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. లోపల వేటాడకూడదు, నదిలో చేపలు పట్టకూడదు. కోతులు మాత్రం మన గుళ్ళ దగ్గరలాగే చేతిలో ఏముందా అని చూస్తుంటాయి. చెట్ల మధ్య చేతులు చాచిన పెద్దపెద్ద మట్టిరంగు బొమ్మలు. 1950లో నైజీరియా వచ్చిన ఆస్ట్రియా కళాకారిణి సుజాన్ వెంగర్, స్థానిక శిల్పులతో కలిసి చేసినవి. ఆవిడ యొరుబా దేవతల దీక్ష తీసుకుని, 2009లో ఇక్కడే పోయింది.

ఆగస్టు జాతరలో రాజవంశానికి చెందిన పెళ్ళికాని పిల్ల దేవత నైవేద్యాల సొరబుర్రను నెత్తిన మోస్తుందని మిత్రుడు చెప్తుంటే, "అరే, ఇది మా బోనమే!" అన్నాను. బోనమంటే ఏంటో చెప్పడానికి పావుగంట పట్టింది.

నది ఒడ్డున తెల్లబట్టల్లో ఒక పెద్దావిడ. పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్ళు ఆవిడ చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. ఎగువన బంగారం తవ్వకాల వల్లేనట. ఆవిడ సొరబుర్ర డొప్పతో ముంచి నా దోసిట్లో పోసింది. తీర్థమంటే తాగాలి. తాగితే ఏమవుతుందోనని భయం. పక్కన మిత్రుడు, ఆదివారం తప్పకుండా చర్చికెళ్ళే మనిషి, గడగడా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

నేను కళ్ళకద్దుకుని నెత్తిన చల్లుకున్నాను. ఆవిడ నవ్వి, మిగిలినవి నా మోకాలి దెబ్బ మీద పోసింది.