నాయబ్ తహసీల్దార్ పోస్టు, అరబీ ధాతువులు: నా గ్రూప్-2 పేపర్-4 అనుభవం

ఫైనల్ లిస్టులో నాయబ్ తహసీల్దార్ పోస్టుకి నా నంబర్ కనిపించినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే, తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీద ఉండే పేపర్-4 ఎలా చదివావని. పుస్తకాలు, టెస్ట్ సిరీస్‌లు మీరు చదివేవే, రాసేవే. నన్ను గట్టెక్కించింది మాత్రం సిలబస్‌లో లేని అరబీ ధాతువులు, అంటే మాటల మూలాలు.

నిజాం పాలన చాప్టర్ అంటే ఎంత టెన్షనో మీకు తెలుసు. మహసూల్, తహసీల్, జమాబందీ, జిలాబందీ... రాత్రి చదివినవి తెల్లారేసరికి కలగాపులగం అయిపోతాయి. మా వీధిలో ఉండే రిటైర్డ్ ఉర్దూ సార్ ఒకరోజు నా నోట్స్ తిరగేసి, "బేటా, వీటిని విడివిడిగా బట్టీ పడతావెందుకు? వీటిలో సగం ఒకే ఇంటివి" అన్నారు. అక్కడే నా ప్రిపరేషన్ మలుపు తిరిగింది.

అరబీలో చాలా మాటలు మూడేసి హల్లుల నుంచి పుడతాయి. హ-స-ల తీసుకోండి. చేతికి రావడం, పోగవడం దాని అర్థం. హాసిల్ అంటే చేతికొచ్చింది. మహసూల్ అంటే రాబడి, శిస్తు. మన రైతులు పంట మాసూలు అంటారే, అది ఇదే. తహసీల్ అంటే రాబట్టడం. దానికి ఫారసీ 'దార్' (కలిగినవాడు) చేరితే తహసీల్దార్. శిస్తు వసూలును గుత్తేదార్ల చేతిలోంచి తీసి జీతగాళ్లయిన ఉద్యోగులకి అప్పగించడమే నిజాం దివాన్ (ప్రధాని) సాలార్‌జంగ్ సంస్కరణల్లో అసలు సంగతి. ఇది తెలిశాక 1865 జిలాబందీ (రాజ్యాన్ని జిల్లాలుగా విడదీయడం), జిల్లాకి పెద్ద అధికారిగా అవ్వల్ తాలూక్‌దార్, తాలూకాకి తహసీల్దార్ అన్న వరుస మళ్లీ మర్చిపోలేదు. వసూలు కూడా ఈ ధాతువుదే అనిపిస్తుంది గానీ కాదు. దానిది వ-స-ల, చేరడం అని అర్థం.

మ-ల-క అంటే స్వాధీనం, ఏలుబడి. మాలిక్, మిల్కియత్, ముల్క్, నిజాం-ఉల్-ముల్క్ అన్నీ ఇందులోంచి వచ్చినవే. ముల్క్ అంటే రాజ్యం, దానికి చెందిన స్థానికుడు ముల్కీ, బయటివాడు గైర్ ముల్కీ. ఉద్యోగాలు స్థానికులకే అన్న 1919 ముల్కీ నిబంధనలు, 1952 గైర్ ముల్కీ ఆందోళన, ఆ నిబంధనలు చెల్లుతాయన్న 1972 సుప్రీంకోర్టు తీర్పు... అన్నిటి వెనకా ఉన్నది 'ఈ నేల ఎవరిది' అన్న ప్రశ్నే.

ఇక నాకొచ్చిన పోస్టు. న-వ-బ అంటే వంతు, ఒకరి బదులు ఉండటం. నాయబ్ అంటే బదులుగా పనిచేసేవాడు. నవాబు వచ్చింది నాయబ్ బహువచనం నుంచే! వంతుల ప్రకారం మోగించే నౌబత్ (నగారా) కూడా ఈ ధాతువుదే. హైదరాబాద్‌లో బిర్లా మందిర్ ఉన్న గుట్ట పేరు నౌబత్ పహాడ్.

కరెంట్ అఫైర్స్, ఎకానమీ గురించి కొత్తగా చెప్పడానికేమీ లేదు, రివిజనే. అరబీ నేర్చుకుంటూ టైమ్ వేస్ట్ చేస్తున్నావని రూమ్మేట్లు చాలాసార్లు అన్నారు. నేను పట్టించుకోలేదు, అది సరైన పనే. మాట లోపల ఏముందో తెలియకుండా వేల బిట్లు చేస్తే ఎగ్జామ్ హాల్లో ఆప్షన్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. రోజూ కూర్చోవాలి, ఫోన్ పక్కన పెట్టాలి, అర్థం కానిది అడగడానికి మొహమాటపడకూడదు.

ఒక జాగ్రత్త. జమీందార్‌లో జమీన్ ఫారసీ, దేశ్‌ముఖ్ అసలు అరబీయే కాదు. అన్నిటికీ ధాతువులు వెతకొద్దు. పరీక్ష నెలలోపే ఉంటే దీని జోలికి పోకుండా పాత పేపర్లు చేసుకోండి. తర్వాతి నోటిఫికేషన్‌కి చదివేవాళ్లు మాత్రం ఈ మూడు ధాతువులతో ఇవాళే మొదలుపెట్టండి.