జానెడు నీడలో ఫుట్‌బాల్

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఫ్యాను గాలి ఇంకా వేడిగానే వస్తోంది. ఇందాక మిద్దె మీద నాలుగు బకెట్ల నీళ్ళు చల్లి వచ్చాను, చూస్తుండగానే ఆరిపోయాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు. అమ్మ హాల్లో చాప మీద పడుకుంది. ఊపిరి తీరుగా ఆడుతోంది. ఇప్పటికి మూడుసార్లు వెళ్ళి చూసొచ్చాను. ఈ రోజు జరిగింది రాసుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పొద్దున పాప మ్యాచ్. ఊళ్ళో జరుగుతున్న వేసవి టోర్నమెంట్‌లో ఆడపిల్లల సెమీఫైనల్. తిరుపతిలో ఏ ఖాళీ స్థలం చూసినా క్రికెట్టే ఆడుతుంటారు. అందులో మా పాప ఫుట్‌బాల్ పట్టుకుని నాలుగేళ్ళుగా వదలకుండా ఆడుతోందంటే నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. మనవరాలు బంతి తన్నడం కళ్ళారా చూడాలని అమ్మ పాకాల దగ్గర మా ఊరి నుంచి నిన్న సాయంత్రమే బస్సెక్కి వచ్చేసింది. డెబ్బై రెండేళ్ళు. బీపీ ఉంది. మోకాళ్ళ నొప్పులున్నాయి. అయినా వచ్చింది.

మ్యాచ్ ఏడింటికి అన్నారు. ఏడింటికైతే భయం లేదు, తొమ్మిదిలోపు ఇంటికి వచ్చేయొచ్చు. అమ్మ రాత్రే రాగి పిండి ఉడికించి పెట్టి, తెల్లారి మజ్జిగ పోసి, ఉల్లిపాయ తరిగి వేసి అంబలి చేసింది. తలా ఒక చెంబెడు తాగి బయల్దేరాం. మా ఆవిడకు ఆదివారం కూడా డ్యూటీ, రాలేకపోయింది. రెండు లీటర్ల మజ్జిగ, ఒక నీళ్ళ క్యాన్, అమ్మకు విడిగా ఒక స్టీల్ బాటిల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, తుండుగుడ్డలు, గొడుగు సర్దుకున్నాను. ఇరవై ఏళ్ళుగా బస్సులో కండక్టర్‌గా తిరుగుతున్నాను. ఇంజన్ సెగ, కిటికీలోంచి వడగాలి నాకు కొత్త కాదు. ఎండకు ఏమేం కావాలో నాకు తెలుసనే ధైర్యంతోనే వెళ్ళాను.

ముఖ్య అతిథి వచ్చేసరికి తొమ్మిదిన్నర. తర్వాత దండలు, ప్రసంగాలు. మాకన్నా ముందు మగపిల్లల మ్యాచ్ పెనాల్టీల దాకా పోయింది. మా పాప వాళ్ళు గ్రౌండ్‌లోకి దిగేసరికి పదకొండు. ఫోన్‌లో చూస్తే 41 డిగ్రీలు. ఆ లెక్క నీడలో కొలిచేది. ఎండలో, సిమెంటు మెట్ల మీద కూర్చున్న మనిషికి పైన సూర్యుడు, కింద సిమెంటు, ఎదురుగా ఎర్రమట్టి, మూడూ కలిపి కాలుస్తాయి. తుండు నాలుగు మడతలు వేసి పరిచినా కింద నుంచి సెగ తగులుతూనే ఉంది.

నీడ గురించి ఒక మాట రాయాలి, ఎందుకంటే ఈ రోజు నేను ఆట ఎంత చూశానో నీడనూ అంతే చూశాను. ఆ గ్రౌండ్‌లో మెట్లు దక్షిణం వైపు ఉన్నాయి. ఉత్తరం వైపు ప్రహరీ గోడ, ఈశాన్యం మూలలో ఒక కానగ మాను. మే నెలాఖరుకు మన తిరుపతిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన కూడా ఉండడు, దాటి రవ్వంత ఉత్తరానికి పోయి ఉంటాడు. అందుకని నీడ దక్షిణానికి పడుతుంది. చలికాలంలో ఉత్తరం వైపు పడే నీడకు అలవాటు పడి ఉంటాం, ఇది చప్పున తట్టదు. ఉత్తరపు గోడకు వీపు ఆనించి గ్రౌండ్ వైపు తిరిగి కూర్చుంటే నీడలో ఉన్నట్టే. అయితే మనిషెత్తు గోడకు ఆ వేళ పడేది జానెడు నీడ. నడుము నిటారుగా పెట్టి, కాళ్ళు ముడుచుకుంటే తల, భుజాలు దాకా కాపాడుతుంది. ఆ జానెడు చోటు కోసం అక్కడ ముప్పైమంది వరుసగా అతుక్కుని కూర్చున్నారు.

మెట్ల మీద గొడుగుల గొడవ. ముందు వరుసలో గొడుగు విప్పితే వెనకవాళ్ళకు ఆట కనపడదు. "అన్నా, గొడుగు దించన్నా" అని అరుపులు. దించితే ముసలివాళ్ళు మాడిపోతారు. చివరికి ఒక పెద్దాయన లేచి, గొడుగులున్నవాళ్ళంతా పై వరుసకు పోదాం రండి అన్నాడు. అందరూ విన్నారు. మేమూ పైకి పోయాం. ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను.

ఆట మొదలైన పావుగంటకే కానగ మాను కిందికి జనం చేరడం మొదలైంది. రెండు టీముల వాళ్ళూ అక్కడ కలిసిపోయారు. మా పాప టీము గోల్ దాకా పోతే అవతలి పిల్ల తల్లి అయ్యో అంటోంది, పక్కనే మావాళ్ళు చప్పట్లు కొడుతున్నారు, ఒకే జగ్గు మజ్జిగ ఇద్దరి మధ్యా తిరుగుతోంది. మనమూ అక్కడికి పోదామమ్మా అన్నాను. "ఆడ నుంచి పాప కనపడదురా నాయనా, ఈడే బాగుండాది" అంది. ఆ మాట నిజమే. మాను కింద నుంచి అవతలి గోల్ పోస్ట్ సగమే కనిపిస్తుంది.

అమ్మకు ఆట నియమాలు తెలీవు. అయినా నోరు ఆగదు. "ఆ పొడుగు పిల్ల మన పాపను తోసేసింది చూడు." "ఆ నల్లచొక్కా ఆయప్ప ఎవరురా, అందరినీ బెదిరిస్తా ఉండాడు?" రెఫరీ అని చెప్పాను. ఫస్టాఫ్ మధ్యలో రెఫరీ విజిల్ ఊదాడు, వాటర్ బ్రేక్. పిల్లలు పరుగెత్తుకొచ్చి నీళ్ళు తాగి, తడి స్పాంజీలు మెడ మీద పిండుకున్నారు. నేనూ తాగాను. నువ్వు తాగావా అమ్మా అంటే "తాగినాలే" అంది. బాటిల్ ఒళ్ళోనే ఉంది. నమ్మాను.

సెకండాఫ్ అంతా టెన్షన్. 1-1. నా కళ్ళు పాప మీదే. అప్పుడు మళ్ళీ విజిల్. రెండో వాటర్ బ్రేక్. గ్రౌండ్‌లో చూడ్డానికి ఏమీ లేదు గనక తల పక్కకు తిప్పాను.

అమ్మ మాట్లాడట్లేదు. ఎంతసేపటి నుంచి మాట్లాడట్లేదో నాకు తెలీదు. గొడుగు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. మొహం పాలిపోయింది. పై పెదవి మీద చెమట చుక్కలు. చెయ్యి పట్టుకుంటే చల్లగా, జిడ్డుగా తగిలింది. అమ్మా అంటే కళ్ళు తిప్పి చూసి, "కండ్లు రవ్వంత తిరగతా ఉండాయిరా" అంది. నా గుండె ఆగినంత పనైంది.

వెనక ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు లేచి వచ్చారు. ముగ్గురం మెల్లగా కిందికి దించి, గ్రౌండ్ చుట్టూ తిప్పి కానగ మాను కిందికి తీసుకుపోయాం. అక్కడున్నవాళ్ళు అడక్కుండానే చోటిచ్చారు. పడుకోబెట్టి కాళ్ళ కింద బ్యాగు పెట్టి ఎత్తు చేశాను. తుండు తడిపి మెడకు చుట్టాను. అవతలి టీము పిల్ల తల్లి ఒకామె వచ్చి చంకల్లో తడిగుడ్డ పెట్టి, అట్టముక్కతో విసరడం మొదలుపెట్టింది. పేరేంటమ్మా, ఏ ఊళ్ళో ఉన్నాం అని అడిగాను. అన్నీ సరిగ్గా చెప్పింది. మాట తడబడినా, తెలివి తప్పినా, ఒళ్ళు పొయ్యిలా కాలుతున్నా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. ఒళ్ళు తడుపుతూ వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. మా డిపోలో ఒకసారి డాక్టరు వచ్చి చెప్పిన మాటలు అవి. అంతదాకా రాలేదు, దేవుడి దయ. ఓఆర్‌ఎస్ కలిపి గుక్క గుక్కగా పట్టించాం. ఇరవై నిమిషాలకు మొహంలో రంగు వచ్చింది.

ఓఆర్‌ఎస్ కలుపుదామని అమ్మ బాటిల్ తీసుకున్నప్పుడే బరువుగా తోచింది. మూత తిప్పితే నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. పొద్దున నేను నింపినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. నాలుగు గంటలకు పైగా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఒక్క గుక్క తాగలేదు.

ఎందుకమ్మా తాగలేదు అంటే నా వైపు చూడకుండా, విసురుతున్న ఆమె వైపు చూసి మెల్లగా చెప్పింది. "నీళ్ళు తాగితే మళ్ళా యాడికి పోవాల? ఈడ ఆడోళ్ళకు ఒక చోటుండాదా?" విసురుతున్నామె చెయ్యి ఆగిపోయింది. "నేనూ అంతే పెద్దమ్మా, పొద్దున్నుంచీ తాగలేదు" అంది. ఆ పక్కన కూర్చున్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు తలలూపారు.

నాకు ఈ ఆలోచన ఎన్నడూ రాలేదు. మజ్జిగ తీసుకెళ్ళాను, ఓఆర్‌ఎస్ తీసుకెళ్ళాను. బస్సులో ఆడవాళ్ళు గొంతెండుతున్నా నీళ్ళు తాగకుండా కూర్చోవడం ఇరవై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను. అయినా సొంత తల్లి విషయంలో తట్టలేదు. గ్రౌండ్ పక్కన ఆఫీసు గది వెనక బాత్‌రూమ్ ఉంది. తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అక్కడ ఎవరికీ తెలీదు. దానికి తోడు అమ్మ వేసుకునే బీపీ మాత్రల్లో ఒకటి ఒంట్లో నీళ్ళు తీసేసేది. వయసు పైబడితే దాహం కూడా సరిగ్గా తెలీదంటారు. ఇవన్నీ కలిశాయి.

ఫుట్‌బాల్‌లో ఈ వాటర్ బ్రేక్ సంగతి నేను మొదట చూసింది 2014 బ్రెజిల్ వరల్డ్ కప్‌లో. నెదర్లాండ్స్, మెక్సికో మ్యాచ్. మనకు రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది. రెఫరీ ఆట ఆపి అందరినీ నీళ్ళు తాగమన్నాడు. అలా ఆట ఆపడానికి అప్పటికి ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా పెట్టుకున్న లెక్క 32 డిగ్రీలు. మామూలు ఉష్ణోగ్రత కాదది. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌కు ఏడు వంతులు, ఎండలో పెట్టిన నల్ల గుండుకు రెండు వంతులు, మామూలు థర్మామీటర్‌కు ఒక వంతు ఇచ్చి కట్టే లెక్క. గాలిలో తేమ, ఎండ తీవ్రత అన్నీ అందులోకి వస్తాయి. 2022లో ఖతార్‌లో వరల్డ్ కప్పునే ఎండలకు భయపడి నవంబర్, డిసెంబర్‌కు జరిపారు. ఆమధ్య పాప ఒక సంగతి చెప్పింది. 2025 జూన్‌లో అమెరికాలో క్లబ్ వరల్డ్ కప్ మ్యాచ్‌కు జర్మనీ వాళ్ళ డార్ట్‌మండ్ టీము తన సబ్‌స్టిట్యూట్లను ఫస్టాఫ్ అంతా డ్రెస్సింగ్ రూమ్‌లోనే కూర్చోబెట్టిందట. ఎండ పడకుండా. వాళ్ళు ఆడట్లేదు, ఉత్తినే కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళకూ ఎండ తగులుతుందని వాళ్ళకు తెలుసు.

పరుగెత్తే పిల్లల ఒంట్లో వేడి ఎక్కువ పుడుతుంది, కాదనను. కానీ వాళ్ళను కనిపెట్టుకుని కోచ్ ఉన్నాడు, రెఫరీ ఉన్నాడు, ఐస్ డబ్బా ఉంది. మెట్ల మీద కూర్చున్న అవ్వలను, తాతలను, చంటిపిల్లల తల్లులను ఎవరు చూస్తున్నారు? గంగమ్మ జాతరలో వీధి వీధినా అంబలి, మజ్జిగ పోసే ఊరు మనది. గ్రౌండ్ దగ్గర ఒక చలివేంద్రం, నాలుగు కర్రలు పాతి ఒక కొబ్బరాకు పందిరి, ఒక బాత్‌రూమ్ తాళంచెవి. అడగాల్సింది ఇంతే. ఆ విజిల్ ఊదింది పిల్లల కోసం. దాని వల్లే నేను తల తిప్పి అమ్మను చూశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

సాయంత్రం టోర్నమెంట్ చూసుకునే ఆయనకు ఫోన్ చేశాను. కోపంగా మాట్లాడలేదు, జరిగింది చెప్పాను. ఆయనా బాధపడ్డాడు. ఫైనల్ బుధవారం పొద్దున ఆరింటికే మొదలుపెడతామని, తాళం తీయించి పెడతామని మాటిచ్చాడు. మంగళవారం డ్యూటీ దిగాక నేనే వెళ్ళి చూసొస్తాను. పందిరికి కర్రలు మా స్నేహితుడి దగ్గర ఉన్నాయి.

ఫైనల్ అన్నాను కదా. అవును, గెలిచారు, 2-1. రెండో గోల్ మా పాపే వేసింది. మేం మాను కింద ఉన్నప్పుడు గ్రౌండంతా ఒక్కసారి కేక వేసింది. నేను అమ్మకు ఓఆర్‌ఎస్ పట్టిస్తున్నాను, తల ఎత్తలేదు. ఎవరో భుజం తట్టి మీ పాపేనన్నా అన్నారు. పాప పరుగెత్తుకొచ్చి అవ్వను చూసి బిక్కచచ్చిపోయింది. గోల్ సంగతే ఎత్తలేదు.

ఇందాక అన్నం తిన్నాక అమ్మే అడిగింది. "గోలు ఎట్టేసినావు పాపా? నేను చూడలేదే." పాప వంటింట్లోంచి ఒక నిమ్మకాయ తెచ్చింది. బీరువా కాలు ఒక పోస్ట్, కుర్చీ కాలు ఇంకో పోస్ట్. నన్ను డిఫెండర్‌గా నిలబెట్టింది. కుడికాలితో ఇటు తిప్పినట్టు చేసి, ఎడమకాలితో మెల్లగా తోసింది. నిమ్మకాయ నా కాళ్ళ మధ్య నుంచి దొర్లుకుంటూ పోయి బీరువా కిందికి చేరింది.

అమ్మ ఒక గుక్క నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"మళ్ళా ఒకసారి తన్ను పాపా. నిదానంగా తన్ను, సరిగ్గా చూస్తాను."