అంకణం లెక్క తప్పాక నా సీఏఐఐబీ ప్రిపరేషన్

నాది గూడూరు, పోస్టింగ్ తిరుపతి. ఈ రెండు ఊళ్ల పేర్లు ముందే చెప్పడానికి కారణం ఉంది, చదివితే మీకే తెలుస్తుంది.

2023 చివర్లో సీఏఐఐబీ (బ్యాంకు ఉద్యోగులు రాసే పై స్థాయి పరీక్ష) ఐదు పేపర్లూ ఒకేసారి రాశాను. ఏబీఎఫ్ఎం (వ్యాపార, ఆర్థిక నిర్వహణ) ఒక్కటే 52తో బయటపడింది. ఏబీఎం (స్టాటిస్టిక్స్, లోన్లు ఉండే పేపరు) 47, బీఎఫ్ఎం (ఫారెక్స్, ట్రెజరీ ఉండే పేపరు) 41, బీఆర్‌బీఎల్ (బ్యాంకింగ్ చట్టాలు) 44, ఎలక్టివ్‌గా తీసుకున్న రిస్క్ మేనేజ్‌మెంట్ 46. పేపరుకి 50 రాకపోయినా, ప్రతి పేపర్‌లో కనీసం 45 వచ్చి, మొత్తం మీద 50 శాతం వస్తే పాస్ అనే రూలు మీద కొండంత ఆశ పెట్టుకున్నాను. ఆ 41 చూశాక ఆశ పోయింది. "మూడేళ్లుగా లోన్ల డెస్కు మీదే ఉన్నావు, లోన్ల పేపర్లోనే పోయిందా?" అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు జనవరిలో దొరికింది, పుస్తకంలో కాదు. ఒక లాడ్జి యజమాని ఇంకో రెండు అంతస్తులు వేసుకోవడానికి 4 కోట్ల లోను అడిగారు. తాకట్టు స్థలం లీగల్ ఒపీనియన్‌లో 150 అంకణాలు అని ఉంది. అంకణం మా వైపు స్థలాల కొలత. మా గూడూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతిలో 36. నేను ఆలోచించకుండా 10,800 అడుగులు అని నోట్‌లో కొట్టేశాను. వాల్యుయర్ (ఆస్తి విలువ కట్టే ఇంజినీరు) రిపోర్టు నుంచి అడుగుకి పదివేల రేటు తీసుకుని గుణిస్తే విలువ 10 కోట్ల 80 లక్షలు, ఎల్‌టీవీ (ఆస్తి విలువలో లోను వాటా) 37 శాతం. బ్రహ్మాండమైన ఫైలు అనుకున్నాను.

రికవరీ చూసే మా సీనియర్ అన్న టీ తాగుతూ ఊరికే కాగితాలు తిప్పాడు. "ఏం నాయనా, స్థలం రాత్రికి రాత్రి రెట్టింపయిందే?" అన్నాడు. వాల్యుయర్ రిపోర్టులోనే 600 గజాలు, అంటే 5,400 అడుగులు అని స్పష్టంగా ఉంది. అసలు విలువ 5 కోట్ల 40 లక్షలు, ఎల్‌టీవీ 74 శాతం. లాయరు కాగితం, ఇంజినీరు కాగితం ఒకే ఫైల్లో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రెండూ చదివాను. పక్కపక్కన పెట్టి చూడలేదు. సిలబస్‌ని కూడా సరిగ్గా ఇలాగే చదివానని ఆ రోజు రాత్రి అర్థమైంది.

అప్పుడు నలుగురం కలిశాం. రికవరీ అన్న (ఆయనకి బీఆర్‌బీఎల్ ఒక్కటే మిగిలింది), వేరే బ్యాంకులో లోన్ ప్రాసెసింగ్ చూసే, లా చదివిన అక్క, ఈ మధ్యే జేఏఐఐబీ (సీఏఐఐబీకి ముందు మెట్టు పరీక్ష) అయిన పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) తమ్ముడు, నేను. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి ఎస్వీ యూనివర్సిటీలో చెట్ల కింద చేరేవాళ్లం. కస్టమర్ కాగితాలు బయటికి తేకూడదు కాబట్టి ఒక ఫైలు మేమే కల్పించాం: ఒక లాడ్జి, ఒక షాపింగ్ కాంప్లెక్సు, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఎవరి డెస్కు సబ్జెక్టు వాళ్లు చెప్పకూడదు, పక్కవాడిది చెప్పాలి. ఇదొక్కటే రూలు. మొదటి నెల గొడవలే. అక్క నా డీఎస్‌సీఆర్ (రాబడి అప్పు వాయిదాలకి ఎన్ని రెట్లు సరిపోతుందో చెప్పే నిష్పత్తి) లెక్కని చీల్చి చెండాడింది, నేను సర్ఫేసీ (మొండి బాకీల తాకట్టుని కోర్టుకి వెళ్లకుండా బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) సెక్షన్లు తారుమారు చేసి అన్న చేత తిట్లు తిన్నాను.

డీఎస్‌సీఆర్ గురించి కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే చాలామంది ఫార్ములా బట్టీ పట్టి వదిలేస్తారు. మా కల్పిత లాడ్జికి పన్ను పోగా లాభం 60 లక్షలు, తరుగుదల 25, వడ్డీ 45. మొత్తం 130. కట్టాల్సింది వడ్డీ 45, అసలు వాయిదాలు 55, మొత్తం వంద. 1.30 వచ్చింది, బాగుంది అన్నాను. తమ్ముడి మేనమామకి లాడ్జి ఉంది. "అన్నా, ఏడాదంతా రూములు నిండినట్టు వేశారు. వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి సరే. పిల్లల పరీక్షలప్పుడు మా మామ రిసెప్షన్లో ఈగలు తోలుకుంటాడు" అన్నాడు. లాభం 30 లక్షలకి దించి చూశాం. సరిగ్గా 1.00. అంటే ఒక్క రూపాయి మిగలదు. సెన్సిటివిటీ అనాలిసిస్ అనే మాట పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో, ఆ రోజు ఆ చెట్టు కిందే ఎక్కింది.

అక్కడే ఇంకో ప్రశ్న లేచింది. లాడ్జి లోను కమర్షియల్ రియల్ ఎస్టేటా? నేను అవునన్నాను. బిల్డింగే కదా తాకట్టు! కాదట. ఆర్‌బీఐ 2009 సర్క్యులర్ చూసేది అప్పు ఏ డబ్బుతో తీరుతుందనే. షాపింగ్ కాంప్లెక్సు అప్పు అద్దెలతో తీరుతుంది, అది కమర్షియల్ రియల్ ఎస్టేటే. లాడ్జి అప్పు యాత్రికులకి ఇచ్చే సేవల రాబడితో తీరుతుంది, ఆ రాబడి భూమి ధరల మీద కంటే జనం రాకపోకల మీద ఆధారపడుతుంది. కాబట్టి హోటల్, ఆస్పత్రి లోన్లని అందులో కలపక్కర్లేదు.

తాకట్లలో ఆరు రకాలూ చదవండి కానీ, ఆస్తి బదిలీ చట్టం 58(ఎఫ్), అంటే దస్తావేజులు అప్పగించి పెట్టే తాకట్టు దగ్గర కాసేపు కూర్చోండి. దస్తావేజులు అప్పగించే ఊరు చట్టంలోనే పేరున్నదో, ప్రభుత్వం నోటిఫై చేసినదో అయి ఉండాలి. ఆస్తి ఎక్కడున్నా పర్వాలేదు. నేను దీన్ని తలకిందులుగా గుర్తు పెట్టుకున్నాను. సర్ఫేసీ మాత్రం మా రూలు పక్కన పెట్టి అన్న నోట వినాల్సిందే. 13(2) నోటీసుకి 60 రోజులు, బాకీదారు అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో జవాబు, 13(4) కింద చర్య తీసుకుంటే డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కి) వెళ్లడానికి 45 రోజులు. "ఆ పదిహేను రోజులు దాటించావో, నీ కేసు అక్కడే నీరుగారుతుంది" అని ప్రతి వారం చెప్పేవాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనకాల తోటని కూడా తాకట్టులో చేర్చి మురిసిపోయాం. సాగుభూమి మీద సర్ఫేసీ పనిచేయదని, తోటని నమ్ముకుంటే కోర్టుల చుట్టూ తిరగాలని ఆయనే గుర్తు చేశాడు.

స్టాటిస్టిక్స్, ఫారెక్స్ లెక్కలకి నా దగ్గర కిటుకులేం లేవు. రోజూ రాత్రి పది లెక్కలు చేశాను, అంతే. రీకలెక్టెడ్ ప్రశ్నల (ముందు రాసినవాళ్లు గుర్తున్నంత రాసి పంచే) పీడీఎఫ్‌లు మాత్రం నమ్మకండి. నేను మొదటిసారి నమ్మింది వాటినే. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దు.

తర్వాతి విడతలో ఏబీఎం 58, రిస్క్ 61, బీఆర్‌బీఎల్ 71. బీఎఫ్ఎం సరిగ్గా 50. స్క్రీన్ మీద ఆ 50ని మూడుసార్లు చూశాను. అన్న పాసయ్యాడు, అక్క పాసయింది. తమ్ముడికి రెండు మిగిలాయి. ఆదివారాలు ఇంకా నడుస్తున్నాయి, ఇప్పుడు చెప్పేది మేము ముగ్గురం.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా అయినప్పుడు మా గూడూరు, అదే అంకణం వాడే వెంకటగిరి కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చాయి. ఒకే జిల్లాలో రెండు అంకణాలు. మొన్న వెంకటగిరి నుంచి ఒక ఫైలు వస్తే, నేను పెన్ను తీసేలోపే వెనక టేబుల్ నుంచి అన్న గొంతు వినిపించింది: "ఇది ఏ అంకణం నాయనా?"