వేరుబుడిపె నులిపురుగులపై నేల బ్యాక్టీరియా: నా అనుభవం

మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రానికి తేరుకుంటున్న టమాటా మొక్కలను చూసి మొదట నీరు చాలడం లేదనుకున్నాను. తడులు పెంచినా మార్పు లేకపోవడంతో ఒక మొక్కను పీకి చూస్తే వేర్ల నిండా బుడిపెలున్నాయి. పప్పుజాతి మొక్కల వేర్లకుండే మేలుచేసే బుడిపెలు గోటితో గిల్లితే ఊడివస్తాయి గాని, ఇవి వేరు తానే ఉబ్బి ఏర్పడినవి కనుక విడివడలేదు. ఇది మట్టిలో ఉండి వేర్లను ఆశించే, కంటికి కనిపించనంత చిన్నవైన వేరుబుడిపె నులిపురుగుల పని.

ఆ పంటకాలంలో నేను తొందరపడ్డాను. సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ అనే మేలుచేసే నేల బ్యాక్టీరియా పొడిని నీటిలో కలిపి, అప్పటికే కాపుమీదున్న మొక్కల మొదళ్లలో పోశాను. చెప్పుకోదగిన ఫలితం రాలేదు. రెండో దశలో ఉన్న నులిపురుగు పిల్ల వేరు కొన దగ్గర లోపలికి చొరబడి, ఒకచోట స్థిరపడి, చుట్టూ ఉన్న కణాలను బాగా పెద్దవిగా మార్చుకుని వాటినుంచే ఆహారం పీలుస్తుందనీ, వేరు పైన ఉండే బ్యాక్టీరియాకు అది ఇక సులభంగా చిక్కదనీ తరువాత గాని నాకు అర్థం కాలేదు. పైగా ఒక్కో ఆడపురుగు జిగురు సంచిలో వందల గుడ్లు పెడుతుంది.

రెండో పంటకాలంలో పురుగు కంటే ముందే బ్యాక్టీరియాను వేరుకు చేర్చాలనుకున్నాను. కిలో విత్తనానికి 10 గ్రాముల చొప్పున పొడి పట్టించి నారు పోశాను. పొలానికి కావలసిన పొడిని బాగా చివికిన పశువుల ఎరువులోనూ వేపపిండిలోనూ కలిపి, పిడికిట పడితే ముద్దయ్యేంత తేమతో నీడలో గోనెపట్టా కప్పి, మధ్యమధ్య తిరగవేస్తూ రెండు వారాలు మాగబెట్టి, నాటే ముందు సాళ్లలో వేశాను. రాగి కలిసిన తెగులు మందు బ్యాక్టీరియాను కూడా చంపుతుంది కనుక దానిని మొదళ్ల దగ్గరకు రానివ్వలేదు.

బుడిపెలు పూర్తిగా పోలేదు. అయితే అవి చిన్నవిగా, పక్కవేర్లకే పరిమితమై ఉన్నాయి, మొక్కలు ఎండకు వాలలేదు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచినది మాత్రం నేను వేయని బ్యాక్టీరియా. ఒక మూల మట్టినుంచి వేరుచేసిన పిల్లపురుగులను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు కొన్నింటి చర్మానికి గుండ్రని బీజాలు అతుక్కుని కనిపించాయి. 1906లో నులిపురుగుల శాస్త్రవేత్త కాబ్ ప్రోటోజోవాగా (బ్యాక్టీరియా కాని మరో రకం ఏకకణజీవిగా) పొరబడిన పాస్చూరియా అనే బ్యాక్టీరియా ఇదే. ఇది సోకిన ఆడపురుగు గుడ్లు పెట్టజాలదు. దాని దేహంలో దాదాపు 20 లక్షల బీజాలు నిండిపోతాయి. ఆ బీజాలకు ఆరబెట్టినా చావు లేదు, నులిపురుగు గుడ్లు మాత్రం ఎండిపోతే బతకవు. ఆ మూలలోని వేర్లను బాగా ఆరబెట్టి, పొడిచేసి, తరువాతి నారుమడి కోసం దాచి ఉంచాను.